షాకర్లు మార్చాక కుడికి లాగుతున్న స్విఫ్ట్: బరంపురం షెడ్డు డైరీ

బండి: మారుతి స్విఫ్ట్ డీజిల్, 2013 మోడల్, 165/80 ఆర్14 టైర్లు. రోజూ బరంపురం నుంచి గోపాల్‌పూర్, అప్పుడప్పుడు దిగపహండి, తప్తపాణి ఘాట్ మీదుగా మోహన. ముందు షాకర్లు రెండూ, వాటి పై మౌంట్లు, రెండు లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే చేతులు), స్టెబిలైజర్ లింకులు వేరే షెడ్డులో కొత్తవి వేశారు. అప్పటి నుంచి బండి కుడికి లాగుతోంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినప్పుడల్లా కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, గతుకుల రోడ్డు మీద ఒకసారి తిరిగొచ్చాక మళ్లీ మామూలే. అలైన్‌మెంట్ మెషీన్ ఇచ్చిన షీట్లు చూస్తే అన్నీ పచ్చ రంగే, అంటే హద్దులోనే.

తగ్గి, గతుకుల తర్వాత తిరిగి రావడం అనే ముక్క ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యం. వంగిన పార్టు ఎప్పుడూ ఒకేలా లాగుతుంది. వచ్చి పోయే లాగుడంటే ఏదో బిగింపు జారుతోందని అనుమానించాలి. అయినా వరస తప్పకుండా తేలిక పనుల నుంచే మొదలుపెట్టాం.

ముందు రోడ్డు మీద

జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపు, గిరిసోల దాకా వెళ్లి రావడం ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది. నాలుగు లేన్లు, తిన్నని ముక్కలు ఎక్కువ. వాన నీరు పోవడానికి మన రోడ్లకు ఎడమ అంచు వైపు వాలు ఉంటుంది, సుమారు రెండు, రెండున్నర శాతం. అందుకని స్టీరింగ్ వదిలితే ఏ మంచి బండయినా మెల్లగా ఎడమకి జరుగుతుంది. అది జబ్బు కాదు. వాలుకి ఎదురెక్కి కుడికి పోతోందంటే మాత్రం జబ్బు ఖాయం, తిరుగు ప్రయాణంలో చూసినా అంతే ఉండాలి. ఈ బండి రెండు వైపులా కుడికే పోయింది.

ఎంత లాగుతోందో నోటి మాటగా రాసుకుంటే తర్వాత పోల్చుకోలేం. వెనకా ముందూ ఖాళీ చూసుకుని, 60 కి.మీ. వేగంలో లేన్ మధ్యన పెట్టి, చేతులు స్టీరింగ్‌కి అంగుళం దూరంలో ఉంచి వదలాలి. ఎన్ని సెకన్లలో లేన్ గీత తొక్కుతుందో పక్కన కూర్చున్న మనిషి లెక్కపెట్టాలి. 60 లో బండి సెకనుకి 16.7 మీటర్లు పోతుంది. ఈ స్విఫ్ట్ మూడు సెకన్లలో గీత మీదికి వచ్చేసింది, అంటే 50 మీటర్లలోనే.

అదే రోడ్డు మీద ఇంకో మూడు సంగతులు రాసుకున్నాం. యాక్సిలరేటర్ తొక్కినా, వదిలినా, న్యూట్రల్‌లో పెట్టినా లాగుడు ఒక్కలాగే ఉంది. తొక్కినప్పుడే లాగితే డ్రైవ్ షాఫ్టుల వైపు, లోయర్ ఆర్మ్ బుష్‌ల (రబ్బరు కీళ్ల) వైపు చూడాల్సి వచ్చేది. బ్రేకు వేస్తే లాగుడు పెరగలేదు, కాబట్టి కాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే బ్రేకు భాగం) మీద అనుమానం సగం పోయింది. మూడోది కొంచెం తికమకగా ఉంది: సర్వీసు రోడ్డులోకి కుడివైపు మలుపు తిరిగి తిన్నగా వచ్చాక లాగుడు ఎక్కువ, ఎడమ మలుపు తర్వాత తక్కువ. స్టీరింగ్ ఆఖరి మలుపుని గుర్తుపెట్టుకున్నట్టు ప్రవర్తిస్తే, తిరగాల్సినదేదో బిగుసుకుపోయిందని అర్థం. అంటే ఈ బండిలో జబ్బులు రెండు ఉండొచ్చు. ఈ ముక్క కాగితం మీద గీత గీసి ఉంచాం.

టైర్లు, బ్రేకులు

గాలి నాలుగింటికీ డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత పెట్టాం, చల్లటి టైర్ల మీద. ముందు కుడి టైరులో 4 పీఎస్ఐ తక్కువ ఉంది. సరిచేశాక లాగుడు కొద్దిగా తగ్గింది, పోలేదు.

తర్వాత ముందు టైర్లు రెండూ కుడిఎడమలు మార్చి అదే రోడ్డు మీద చూశాం. టైరు లోపలి బెల్టు ఒక పక్కకి ఉండిపోతే ఆ టైరు శంకువులా దొర్లి తన వైపుకి లాగుతుంది, మార్చగానే లాగుడు కూడా దిక్కు మారుస్తుంది. ఇక్కడ దిక్కు మారలేదు. పని అరగంటే, అయినా చాలా చోట్ల చెయ్యరు, నేరుగా మెషీన్ ఎక్కించేస్తారు. బాణం గుర్తున్న టైర్లయితే ఈ పరీక్షకి మటుకు తిరగేసి వేసుకుని, తర్వాత వెనక్కి మార్చేస్తే సరి. కుడి టైరు బయటి అంచు ఎడమదానికంటే బాగా అరిగి ఉంది. దాన్ని రాసి పెట్టుకున్నాం.

బ్రేకులకి పది కి.మీ. నడిపి, బ్రేకు తక్కువ వాడుతూ వచ్చి ఆపి, చక్రాల మధ్య వేడి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. చేత్తో డిస్క్ ముట్టుకోవద్దు, రిమ్ చాలు. కుడి కాలిపర్ కింది పిన్ను ఎండిపోయి ఉంది, తీసి తుడిచి బ్రేకు గ్రీజు పెట్టి వేశాం. లాగుడికీ దీనికీ సంబంధం లేదు.

ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ వదిలేస్తే దానంతట అది తిరగలేదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ సెన్సార్ లెక్క తప్పితే ఇక్కడ స్టీరింగ్ తనే ఒక పక్కకి పోతుంది. అదీ కాదని తేలింది.

ఎత్తు కొలత

ఇది టేపుతో అయిపోయే పని. చదునైన గచ్చు మీద నిలిపి, బండిని ముందూ వెనకా నొక్కి వదిలి, రెండు మీటర్లు దొర్లించి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలో కలిసిపోతాయి. ముందు ఎడమ 384 మి.మీ., ముందు కుడి 391. వెనక రెండూ 2 మి.మీ. తేడాలో ఉన్నాయి.

స్ప్రింగులు మార్చలేదు, పాతవే ఎక్కించారు. అలాంటప్పుడు ముందు 7 మి.మీ. తేడా రావడానికి సాధారణంగా కారణాలు రెండు. ఒకటి, స్ప్రింగు చివర కింది ప్లేటులోని మెట్టులో కూర్చోకపోవడం. రెండు, చక్రాలు గాల్లో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్టులు బిగించేయడం. ఈ రెండోది ఎంత మామూలు తప్పంటే, లోయర్ ఆర్ములు మార్చిన బండి వస్తే మేం అడక్కుండానే ఆ బోల్టులు వదులు చేస్తాం. బుష్‌లో రబ్బరు, లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీకి అతుక్కుపోతుంది. ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం. బండి దింపగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆర్మ్‌ని కిందికి నెడుతూనే ఉంటుంది. ఎత్తు పెరుగుతుంది, స్టీరింగ్‌లో బరువు తేడా తెలుస్తుంది, ఏడాది తిరక్కుండా కొత్త బుష్ చిరుగుతుంది.

మెషీన్ మీద, ఏమీ ముట్టుకోకుండా

ఏదైనా విప్పేముందు ఒకసారి పూర్తి రీడింగు తీసుకోవాలి. పూర్తి అంటే టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే కాదు: క్యాంబర్ (చక్రం తల పక్కకి ఒరిగిన కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు గీత ముందుకో వెనక్కో వాలిన కోణం), స్టీరింగ్ యాక్సిస్ వాలు (అదే గీత పక్కకి వాలిన కోణం), వెనక చక్రాల టో, థ్రస్ట్ కోణం (వెనక చక్రాలు బండి నడిమి గీతకి ఎంత పక్కకి చూస్తున్నాయో). క్యాస్టర్ రావాలంటే స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పే స్వింగ్ చెయ్యాలి, దానికి బ్రేకు పెడల్ నొక్కి ఉంచే కర్ర పెట్టాలి. ఇంకో పది నిమిషాలు పడుతుందని చాలా షాపుల్లో ఇది వదిలేస్తారు. అడిగి చేయించుకోవాలి. ముందు చక్రాల కింద ఉండే తిరుగుడు పళ్లేల పిన్నులు తీశారా, వాటిలో ఇసుక లేదా అని వంగి చూడటంలో నామోషీ ఏమీ లేదు. ఇక్కడ ఒకటి ఇసుకతో పట్టేసి ఉంటే గాలి పట్టించాం.

వచ్చినవి ఇవి (డిగ్రీకి 60 నిమిషాలు):

ఎడమ క్యాంబర్ −0°40′, కుడి +0°25′
ఎడమ క్యాస్టర్ 3°05′, కుడి 2°45′
స్టీరింగ్ యాక్సిస్ వాలు ఎడమ 12°35′, కుడి 12°25′
థ్రస్ట్ కోణం 0°04′
మొత్తం టో హద్దులోనే

ఆపరేటర్ ఒడియా కుర్రాడు, పని తెలిసినవాడే. తెర చూపించి "ఠిక్ అచ్ఛి భాయ్, సబు గ్రీన్" (బాగానే ఉంది అన్నా, అన్నీ పచ్చే) అన్నాడు. తెర ప్రకారం అతను చెప్పింది నిజమే. ఆ మెషీన్‌లో ఈ మోడల్‌కి క్యాంబర్ హద్దు సున్నాకి అటూ ఇటూ ఒక డిగ్రీ అని ఉంది. −40 నిమిషాలూ లోపలే, +25 నిమిషాలూ లోపలే. దేనికది పచ్చ. కానీ రెండిటి మధ్య తేడా 1°05′. బండి లాగేది ఆ తేడా వల్ల. పక్కకీ పక్కకీ మధ్య తేడా అర డిగ్రీ దాటితే లాగుడు తెలుస్తుంది, ఇక్కడ దానికి రెట్టింపు.

ఒరిగిన చక్రం, పిల్లలు కర్రతో దొర్లించే పాత టైరులా, ఒరిగిన వైపుకే పోతుంది. కుడి చక్రానికి ప్లస్ క్యాంబర్ అంటే దాని తల బయటికి, అంటే కుడికి ఒరిగింది. ఎడమ చక్రానికి మైనస్ అంటే తల లోపలికి, అదీ కుడికే. రెండు చక్రాలూ ఒకే దిక్కుకి తలలు వాల్చాయి. కుడి టైరు బయటి అంచు అరగడానికి కారణం కూడా ఇదే. క్యాస్టర్‌లో 20 నిమిషాల తేడా చిన్నది. క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకి బండి లాగుతుంది కాబట్టి అదీ కుడికే కాస్త సాయం పడుతోంది, అంతకు మించి కాదు.

ఇంతవరకూ ఈ బండికి చేసిన అలైన్‌మెంట్లన్నీ టో సరిచేసినవే. టో రెండు చక్రాలకీ సమంగా పంచుకుపోతుంది. తప్పితే స్టీరింగ్ వంకరగా ఉంటుంది, టైర్లు తింటుంది, తిన్నగా పోయేటప్పుడు ఇంత లాగుడు మాత్రం రాదు. లాగుడు మీద టో తిప్పితే మూల కారణం ఉన్నచోటే ఉంటుంది.

ఇక ఎక్కడ విప్పాలో చెప్పేది స్టీరింగ్ యాక్సిస్ వాలు. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (షాకరు, స్ప్రింగు కలిసిన నిలువు కాడ) ఉన్న బండిలో ఈ వాలు అంటే పైన స్ట్రట్ మౌంట్ నుంచి కింద బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివరి గుండు కీలు) దాకా గీసిన గీత వాలు. సబ్‌ఫ్రేమ్ (లోయర్ ఆర్ములు బిగించే ఇనుప చట్రం) పక్కకి జరిగితే ఒక వైపు వాలు పెరిగి, రెండో వైపు అంతే తగ్గుతుంది. లోయర్ ఆర్మ్ వంగినా వాలు మారుతుంది. ఇక్కడ తేడా 10 నిమిషాలే, దాన్ని ఎత్తు తేడాకి రాసేయొచ్చు. కాబట్టి పై పాయింటు, కింది పాయింటు ఉండాల్సిన చోటే ఉన్నాయి, సబ్‌ఫ్రేమ్ జోలికి పోనక్కర్లేదు. వాలుకి క్యాంబర్ కలిపితే ఎడమ 11°55′, కుడి 12°50′. ఈ మొత్తం స్ట్రట్‌కీ నకిల్‌కీ (చక్రాన్ని మోసే ఇనుప ముక్కకీ) మధ్య కోణాన్ని పట్టి ఉంటుంది, అది రెండు పక్కలా ఒకటే ఉండాలి. 55 నిమిషాల తేడా ఉందంటే స్ట్రట్ వంగైనా ఉండాలి, నకిల్ వంగైనా ఉండాలి, లేదా ఆ రెండిటినీ కలిపే రెండు బోల్టుల దగ్గర జారైనా ఉండాలి. స్ట్రట్లు కొత్తవి. గతుకుల తర్వాత లాగుడు తిరిగొస్తోందని ముందే తెలుసు. ఇక బోల్టులే.

విప్పాం

కుడి చక్రం తీసి చూస్తే కింది బోల్టు కంపెనీదే, తల మీద 10.9 గుర్తు (బోల్టు బలం చెప్పే గ్రేడు), పట్టు భాగం నున్నగా ఉంది. పై బోల్టు బజారుది, తల మీద 8.8, నిలువునా మర. గోపాల్‌పూర్ వైపు రోజూ తిరిగే బండ్లకి ఉప్పు గాలికి ఈ బోల్టులు పట్టేస్తాయి, విప్పలేక కోసేసి దొరికింది వేస్తారు. బయటికి తీసి తుడిస్తే మర శిఖరాలు రెండు చోట్ల నలిగి, సరిగ్గా స్ట్రట్ చెవుల (నకిల్‌ని పట్టుకునే రేకుల) మందమంత మేర మెరుస్తున్నాయి. అక్కడ లోహం మీద లోహం కదిలిందన్నమాట. వెర్నియర్ పెడితే ఆ నలిగిన చోట కింది బోల్టు కంటే 1 మి.మీ. సన్నం.

ఒక మిల్లీమీటరుకి ఎంత కోణమో లెక్క కట్టొచ్చు. రెండు బోల్టుల మధ్య దూరం ఈ బండిలో టేపుకి సుమారు 60 మి.మీ. వచ్చింది. 60 కి 1 అంటే 0.95 డిగ్రీ, అంటే 57 నిమిషాలు. మెషీన్ చూపించిన 55 కీ దీనికీ తేడా లేనట్టే. ఎవరు ఏ షాపులో సరిచేసినా, తప్తపాణి ఘాట్‌లో ఒక గుంట దెబ్బకి పై బోల్టు తన సందులో మళ్లీ చివరికి జారి కూర్చుంటుంది. చెవులకీ నకిల్‌కీ మధ్య పట్టు నిలిపేది బిగింపు బలమే. తక్కువ గ్రేడు బోల్టుకి ఆ బిగింపు ఇస్తే సాగిపోతుంది, సాగాక వదులే.

స్ట్రట్ ఎలాగూ దింపాలి, ఎత్తు సంగతి తేలలేదు కదా. దింపే ముందు ఇంకో చిన్న పరీక్ష: బండి నేల మీదే ఉండగా స్ప్రింగు మీద వేళ్లు ఆనించి, ఒకరిని స్టీరింగ్ చివరి నుంచి చివరికి మెల్లగా తిప్పమనాలి. ఎడమది నున్నగా తిరిగింది. కుడిది కొంత మెలి పడి, ఒక్కసారి టక్కున ఎగిరి సర్దుకుంది. మలుపు తర్వాతి లాగుడికి కారణం ఇక్కడుంది: పై మౌంట్ కింద ఉండే బేరింగ్.

స్ప్రింగు కంప్రెసర్ వాడేటప్పుడు రెండు కొక్కేలూ ఎదురెదురుగా, కనీసం మూడు చుట్లు పట్టేలా వేసి, ఒక్కో వైపు కొంచెం కొంచెంగా చేత్తో బిగించాలి. ఇంపాక్ట్ గన్ పెట్టొద్దు. స్ప్రింగు పై ప్లేటు నుంచి ఊడి వదులుగా కదులుతోందని కళ్లారా చూశాకే పై నట్టు తియ్యాలి. అంతకు ముందు నట్టు తీస్తే మౌంట్ మొహం మీదికి వస్తుంది, ఈ పనిలో ప్రాణం మీదికొచ్చే ఘట్టం ఇదొక్కటే.

మౌంట్ కొత్తదే, బేరింగ్ మాత్రం పాతదే తిరిగి వేశారు. మౌంట్ పెట్టెలో బేరింగ్ రాదు, విడిగా కొనాలి. అక్కడ ఆదా చేశారు. చేతిలో పెట్టి తిప్పితే ఇసుక నమిలినట్టు గరగర, ఒక చోట ఆగిపోతోంది. స్ప్రింగు కింది చివర మెట్టుకి ఆనకుండా ఒకటిన్నర సెంటీమీటరు ముందుకి జరిగి, మెట్టు మీదికి ఎక్కి కూర్చుంది. పెయింటు మీద దాని ముద్ర కనిపిస్తోంది.

ఎడమ పక్క కూడా దింపాం. బోల్టులు రెండూ కంపెనీవే, స్ప్రింగు సరిగ్గానే కూర్చుంది, బేరింగ్ పాతదే అయినా తిరుగుతోంది. అయినా జతగానే మార్చాం. ఒక పక్క నున్నగా, ఒక పక్క బిరుసుగా తిరిగితే అదే ఇంకో లాగుడు.

కొన్నవి: స్ట్రట్-నకిల్ బోల్టులు నాలుగు, నట్లు నాలుగు, స్ట్రట్ బేరింగులు రెండు, స్ట్రట్ పై నట్లు రెండు. అన్నీ కంపెనీ పార్టులే. ఈ బోల్టుల దగ్గర బజారు సరుకు వద్దు.

ఎక్కించడం

బేరింగ్ ఏ ముఖం పైకి ఉండాలో విప్పేటప్పుడు తీసిన ఫోటో చూసి వేశాం, తలకిందులైతే దుమ్ము సీలు పనిచెయ్యదు. స్ప్రింగు చివరని మెట్టుకి ఆనించి, కంప్రెసర్ వదులుతున్నంత సేపూ జరగకుండా చేత్తో పట్టుకోవాలి. పూర్తిగా వదిలాక మరోసారి చూడాలి. ఆఖరి సెంటీమీటరులోనే జరుగుతుంది.

నకిల్ బోల్టులు నాలుగూ మెషీన్ దాకా పోయేంత బిగువుకే వేశాం. నకిల్, స్ట్రట్ చెవులు ఆనుకునే ముఖాల మీద తుప్పు పొట్టు ఉంటే వైరు బ్రష్‌తో తియ్యాలి, అక్కడ గ్రీజు పెట్టకూడదు. గ్రీజు ఉంటే బిగింపు ఉన్నా జారుతుంది. స్ట్రట్ వైపు ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం క్లిప్పులు మెలితిరగకుండా వేసి, స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి చూసుకోవాలి.

చక్రాలు వేసి దింపాక, లోయర్ ఆర్మ్ బోల్టులు రెండు పక్కలా వదులు చేశాం. కుడి పక్క ముందు బుష్ బోల్టు వదలగానే ఠప్‌మని ఆర్మ్ సర్దుకున్న శబ్దం వినిపించింది. వేలాడుతుండగా బిగించారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గొయ్యి మీద, నాలుగు చక్రాల మీద బరువుతో, ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదిలి, ముందుకీ వెనక్కీ దొర్లించి, అప్పుడు మాన్యువల్‌లోని టార్క్‌కి (బిగువు కొలతకి) బిగించాం. గొయ్యి లేనిచోట ముందు చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి చెయ్యొచ్చు. జాకీ మీద చెయ్యడం కుదరదు.

మళ్లీ ఎత్తు: ఎడమ 383, కుడి 385. అది చాలు.

మళ్లీ మెషీన్ మీద

ఈ బండిలో క్యాంబర్‌కి విడిగా సర్దుబాటు స్క్రూ లేదు. బోల్టుకీ రంధ్రానికీ మధ్య ఉండే కొద్దిపాటి సందే సర్దుబాటు. ముందు భాగం జాకీతో కొద్దిగా లేపి, రెండు బోల్టులూ అర చుట్టు వదులు చేసి, చక్రం తలని లోపలికి నొక్కి పట్టుకుని పై బోల్టు, తర్వాత కింది బోల్టు బిగించాలి. ఇద్దరు కావాలి, ఒకరు టైరు మీద, ఒకరు పానా మీద. కుడి దాన్ని లోపలికి నెట్టాం, ఎడమ దాన్ని కాస్త బయటికి లాగాం. దింపి, కుదిపి, దొర్లించి చూస్తే:

ఎడమ క్యాంబర్ −0°20′, కుడి −0°10′
ఎడమ క్యాస్టర్ 3°00′, కుడి 2°50′

పది నిమిషాల తేడా కావాలనే ఉంచాం. కుడి పక్క పిసరంత ప్లస్ వైపు ఉంటే ఎడమ వాలు రోడ్డుకి అది సరిపోతుంది. అసలు బోల్టులతో ఇంకా తేడా మిగిలితే, సన్నని నడుముతో వచ్చే క్యాంబర్ బోల్టులు విడిగా దొరుకుతాయి. వాటికి ఒక పక్కకి ఉబ్బిన గుండు ఉంటుంది, బోల్టు తిప్పితే అది చక్రం తలని జరుపుతుంది, మంచి గ్రేడు ఉక్కు. అదీ ఆ బోల్టు చేసిన కంపెనీ చెప్పిన రంధ్రంలోకే, వాళ్లు చెప్పిన టార్క్‌తోనే. ఇక్కడ అవసరం పడలేదు.

క్యాంబర్ కదిలితే టో కూడా కదులుతుంది. చూస్తే మొత్తం టో బాగానే మారిపోయింది. అందుకే టో ఎప్పుడూ ఆఖరి పని. స్టీరింగ్ ఒక చివర నుంచి మరో చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగానికి తెచ్చి, అంటే రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకి జరిగే పళ్ల కడ్డీ) నడిమికి తెచ్చి, అక్కడ ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూశాం. కొద్దిగా పక్కకి ఉన్నాయి. టై రాడ్ల (రాక్‌ని చక్రాలకి కలిపే కడ్డీల) మీద బయటికి కనిపించే మరలు లెక్కపెడితే ఎడమ 15, కుడి 9. పాత అలైన్‌మెంట్లలో ఒక్క పక్కే తిప్పుకుంటూ పోయారు. ఇలా వదిలితే బండి ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ మలుపు తిరుగుతుంది. రెండు పక్కలా సర్ది 12, 12 కి తెచ్చి, స్టీరింగ్‌ని కర్రతో తిన్నగా కట్టి, మొత్తం టో 0°05′ లోపలికి పెట్టాం. 620 మి.మీ. వ్యాసం ఉన్న ఈ టైరుకి అది ఒక మిల్లీమీటరు కూడా కాదు. టై రాడ్ తిప్పేటప్పుడు రబ్బరు బూటు సన్న మొనకి గ్రీజు పూసి, దాన్ని కదలనివ్వకుండా పట్టుకోవాలి. మెలి పడిన బూటు వర్షాకాలంలో చిరిగి రాక్‌లోకి నీరు పంపుతుంది.

స్టీరింగ్ తిన్నగా రావడానికి స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి పళ్లు మార్చి వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ పని చెయ్యనివ్వొద్దు, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కొత్త బండ్లలో అసలే వద్దు. అక్కడ స్టీరింగ్ కోణం సెన్సార్‌కి స్కానర్‌తో సున్నా పెట్టాల్సి ఉంటుంది.

రోడ్డు మీద మళ్లీ

అదే గిరిసోల రోడ్డు, అదే వేగం. చేతులు వదిలితే పది సెకన్లు దాటాక మెల్లగా ఎడమ గీత వైపు, వాలు ఎటుంటే అటు. కుడి మలుపు తర్వాతా, ఎడమ మలుపు తర్వాతా ఒకేలా ఉంది. బ్రేకు వేస్తే తిన్నగా ఆగుతోంది.

నకిల్ బోల్టుల తలల నుంచి స్ట్రట్ చెవి మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాం, జారితే గీత విరిగి కనిపిస్తుంది. బండి యజమానికి చెప్పినవి రెండే: తప్తపాణి రోడ్డు ఒకటి రెండు సార్లు తిరిగాక తీసుకురండి, ఆ గీత చూసి టార్క్ ఒకసారి సరిచూస్తాం, అప్పటిదాకా టో ఎవరి చేతా ముట్టించొద్దు.

బండి తిరిగొచ్చాక చూస్తే గీతలు నాలుగూ తెగలేదు, క్యాంబర్ తేడా 10 నిమిషాల దగ్గరే ఉంది. కుడి ముందు టైరు బయటి అంచు అరుగుదల ఎలాగూ వెనక్కి రాదు. అది ముందుంటే 80 దాటాక సన్నగా హోరుమంటోంది, కాబట్టి వెనక్కి మార్చాం. తర్వాత టైర్లు కొనేటప్పుడు ముందు రెండూ కలిపి ఒకే తయారీవి వేయాలి. ఒక్కటే కొత్తది వేస్తే టైరు వల్ల లాగుడు కొత్తగా మొదలవుతుంది, మళ్లీ అంతా మొదటి నుంచి చూసుకుంటూ రావాలి.